పది దాకా లెక్క

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజులు. నరసరావుపేటలో మా వీధి చివర బాలికల బడి ఉండేది. పొద్దున్నే, పిల్లలు రాకముందు, అక్కడి పంతులమ్మగారు ఆడవాళ్లకు యోగాసనాలు నేర్పేవారు. పదకొండు మందిమి వెళ్లేవాళ్లం. చీరెలు గోచీ పోసి కట్టుకుని, నాపరాళ్ల వసారాలో చాపలు పరుచుకునేవాళ్లం. ఆ రాళ్ల చల్లదనం చాపలోంచి వీపుకు తగలడం నాకిప్పటికీ గుర్తే.

నేనెప్పుడూ వెనక వరసలో, స్తంభం పక్కన ఉండేదాన్ని. ఎవరితోనూ పెద్దగా మాటలుండేవి కావు. అయినా ఆ తరగతంటే ప్రాణం. పుస్తకాల మీద వంగి వంగి ముడుచుకుపోయిన భుజాలు అక్కడే విచ్చుకునేవి.

అక్కడొక పద్ధతి ఉండేది. రోజుకొకరు ముందు నిలబడి పది దాకా పైకి లెక్క చెప్పాలి. లెక్క పూర్తయ్యేదాకా మిగిలినవాళ్లు అదే ఆసనంలో ఉండాలి. నా వంతు వచ్చిన రెండుసార్లూ గొంతు బాగాలేదని తప్పించుకున్నాను. మూడోసారి పంతులమ్మగారు ఊరుకోలేదు.

"రేపు గొంతు తెచ్చుకునే రా అమ్మా. లేకపోతే రావద్దు. ఎన్నాళ్లు ఇతరుల లెక్క మీద బతుకుతావు?"

ఆ రోజంతా అన్నం సహించలేదు. మానేస్తే అడిగేవాళ్లు లేరు. "ఆడపిల్లకి ఆ గంతులేంది?" అని రోజూ సణిగే నాయనమ్మకైతే సంతోషమే. మానేయడం అంత సులువు కాబట్టే నాకు భయమేసింది.

మర్నాడు ముందు నిలబడ్డాను. అందరూ నడుము వంచి పాదాలు పట్టుకున్నారు. నేను కళ్లు మూసుకుని గట్టిగా అన్నాను.

"లాభం!"

మా ఇంట్లో జొన్నలు కుంచంతో కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరవాతే రెండు. తలుపు చాటునుంచైనా నేను పైకి లెక్క చెప్పే సందర్భం అదొక్కటే. నోటికి అదే వచ్చింది.

వంగినవాళ్లు వంగినట్టే నవ్వారు. బట్టల కొట్టు సాయిబుగారి కోడలు పాదాలు వదలకుండానే, "ఎన్ని పుట్లు కొలుస్తావే పిల్లా మమ్మల్ని?" అంది. నా చెవులు వేడెక్కాయి. చాప చుట్టుకుని వెళ్లిపోదామని అటు తిరిగాను.

"ఏమే, యాడికి?" తాపీమేస్త్రి భార్య అరిచింది. "రెండు చెప్పవే తల్లీ! నా నడుం ఇరిగిపోతంది!"

తిరిగి చూశాను. ఒక్కరూ లేవలేదు. మొహాలు ఎర్రబడి, జడలు నేలను తాకుతూ, నవ్వినవాళ్లందరూ నా మాట కోసం ఆగి ఉన్నారు.

"రెండు" అన్నాను. మూడు దగ్గర వాళ్ల ఊపిరి వినిపించింది. దాన్నిబట్టి నిదానించాను. ఆరుకి వచ్చేసరికి నా ఊపిరీ అందులో కలిసింది. పది అనగానే అందరూ అమ్మయ్య అంటూ చాపల మీద కూలబడ్డారు.

పంతులమ్మగారు మెచ్చుకోలేదు. "మరీ నిదానం. రేపూ నువ్వే చెప్పు" అన్నారు. సరేనన్నాను.

పెళ్లయి మాచర్ల వచ్చాక పెరట్లో ఒంటరిగా చేసుకుంటున్నాను. లెక్క మనసులో చెప్పుకుంటే ఇట్టే అయిపోతుంది. పదిమంది ఊపిరి వింటూ చెప్పినప్పుడు, ఆ పదే ఎంత పొడుగ్గా ఉండేదో.