పదింటి దాకా

లింగంపల్లిలో బస్సెక్కేసరికి ఆఫీసువాళ్లిచ్చిన సెల్‌ఫోన్‌లో ఒక్క గీత బ్యాటరీ మిగిలింది. కూకట్‌పల్లి ఆసుపత్రిలో మా చెల్లికి కాన్పు కష్టమవుతోంది. ఆసుపత్రి ఎదుటి టెలిఫోన్ బూత్ నుంచి బావగారు కబురు చెబుతానన్నారు. ఫోన్ ఎక్కడ ఆగిపోతుందోనని నిమిషానికోసారి చూసుకుంటున్నాను.

పక్క సీట్లో, ఒళ్లో తాడు చుట్టతో ఒకాయన కూర్చున్నాడు. సెల్ టవర్లెక్కి పని చేస్తాడట.

"జర బంద్ చెయ్యి సారూ. బస్సు నడుస్తుంటే అది ఒక టవర్ ఇడిసి ఇంకో టవర్‌ను దేవులాడుతది. ఆ దేవులాటకే బ్యాటరీ అయిపోతది," అన్నాడు.

"ఆపేస్తే కబురెలా తెలుస్తుందండీ?"

"ఏ టైముకు చెయ్యాల్నో వాళ్లకు చెప్పు. గప్పుడే ఆన్ చెయ్యి."

బూత్‌కి ఫోన్ చేసి, సరిగ్గా పదింటికి చేయమని బావగారికి చెప్పి ఆపేశాను. ఆపాక గుర్తొచ్చింది, సెల్‌ఫోన్ చేతికొచ్చినప్పటి నుంచి నేను వాచీ పెట్టుకోవడం మానేశానని. నా ఖాళీ మణికట్టు చూసి ఆయన నవ్వాడు.

"ఫికర్ చెయ్యకు, నేను చెప్త."

తను దిగాల్సిన కొత్తగూడ రాగానే తాడు భుజానికేసుకుని లేచాడు. వాచీ చూసుకుని మళ్లీ కూర్చున్నాడు. బస్సు కదిలింది. రెండు స్టాపులు దాటాక నా మోచేయి తట్టాడు.

"ఇగ ఆన్ చెయ్యి."

ఆన్ చేయగానే మోగింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అన్నారు బావగారు. అంతలోనే ఫోన్ ఆగిపోయింది. ఆ మాట చెబుదామని తిరిగితే, ఆయన అప్పుడే వచ్చిన స్టాపులో దిగి కొత్తగూడ వైపు వెనక్కి నడుస్తున్నాడు.

ఇప్పటి నా ఫోన్ రెండు రోజులైనా ఆగదు. అయినా వాచీ లేకుండా ఇల్లు కదలను. బస్సులో ఎవరైనా టైమడుగుతారేమో.