ముందుకాళ్ల మీద నడిచే గుర్రం

మా ఇంటి దేవుడి మీద, మా ఆవిడ మీద, ఆవిడ చేసే జొన్నరొట్టె మీద ఒట్టేసి చెప్తున్నాను: ఇందులో ఒక్క మాట కూడా కల్పితం కాదు.

ఆళ్లగడ్డ బయట మాకో శనగ చేను, చేను పక్కన కొట్టం, కొట్టంలో ఒక ఆడగుర్రం ఉన్నాయి. ముచ్చటపడి తెచ్చుకున్నది నేనే. బెల్లం రంగు, మెత్తని మనసు. లోపం ఒక్కటే: బరువంతా ముందుకాళ్ల మీద వేసి, నేలలో ఏదో పారేసుకున్నట్టు తల వేలాడేసి నడిచేది. చిన్న రాయి తగిలినా మోకాళ్ల మీద కూలబడేది. మొదటిసారి పడ్డప్పుడు నేను దాని తల మీదుగా ఎగిరి, గట్టు పక్కన మేస్తున్న బర్రె వీపు మీద కూర్చున్నాను. బర్రె ఒకసారి వెనక్కి చూసి మళ్లీ మేతలో పడింది. రెండోసారి బర్రె అందలేదు. చెయ్యి విరిగింది.

మా ఆవిడ నా చేతి కట్టు వైపు చూసింది. "ఇంగొక్క తూరి అది నిన్ను పడేసిందంటే ఈడ ఉండేది లేదు. అమ్మేద్దాం, అంతే," అంది. ఆవిడ 'అంతే' అన్నదంటే అంతే.

చెయ్యి అతుక్కున్నాక గుర్రాన్ని మినీ లారీ ఎక్కించి నంద్యాల తీసుకెళ్లాను. మా ఆవిడ వాళ్లన్న, అంటే నాకు బావ, అక్కడ కాలువ దగ్గర ఉంటాడు. పడుచు వయసులో పోలీసు గుర్రాల దగ్గర పనిచేసి వచ్చినవాడు. నడిపించి చూసి అన్నాడు:

"మోపంతా ముందరే ఉండాది బావా. ఎనక్కి తేవాల."

ఈ మాత్రానికి ఇంత దూరం రావాలా అనుకున్నాను. ఎద్దులబండి తోలి పెరిగినవాణ్ణి. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలు ఒరుస్తుంది. తోలేవాడు వెనక్కి జరిగి కూర్చుంటే తేలికవుతుంది. జీను మీద నేనూ అలాగే వెనక్కి జరిగి, వెల్లకిలా వాలి, పగ్గాలు బిగించి లాగాను. గుర్రం తల పైకెత్తి, నడుము ఉయ్యాలలా దించి, బావ కళ్లం చుట్టూ పరుగు అందుకుంది.

బావ నవ్వీ నవ్వీ దగ్గాడు. "ఏందప్పా అది, నులకమంచం అనుకుంటివా? నువ్వు ఎనక్కి పోతే దాని మోపు పోదు. అది బండి కాదు, పానమున్న జీవి. దాని మోపు అదే జరుపుకోవాల. నువ్వు నిటారుగా కూచోని, కాళ్లతో పొమ్మను, చేత్తో ఆగమను."

"పొమ్మనాల్నా, ఆగమనాల్నా?"

"రెండూ."

"ఒకేసారి రెండూ చెప్పేది మీ చెల్లెలు ఒక్కతే అనుకున్న్యా."

"ఆయమ్మతో ఇన్నేండ్లు సంసారం చేస్తాండావు, అయినా నేర్చుకోకపోతివి!"

కాళ్లు నొక్కితే చేతులు వదిలేసేవాణ్ణి. చేతులు పడితే కాళ్లు మరిచిపోయేవాణ్ణి. గుర్రం చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెట్టేది. దానికీ అయోమయమే. ఇద్దరం కలిసి కళ్లం మధ్యలో నిలబడి, ఎవరు ముందు చెప్తారా అని ఎదురుచూసిన రోజులున్నాయి.

చివరికి బావ మమ్మల్ని కాలువ గట్టు ఎక్కించి, ఏటవాలుగా మెల్లగా దిగమన్నాడు. దిగేటప్పుడు పడకుండా ఉండాలంటే ఏ గుర్రమైనా వెనక కాళ్లు కడుపు కిందికి తెచ్చుకోవాల్సిందే. రోజూ ఎక్కడం, దిగడం. ఒకరోజు గట్టు దిగి చదును నేల మీదికి వచ్చాక కూడా వెనక కాళ్లు కడుపు కిందే ఉండిపోయాయి. నా కింద వీపు గుండ్రంగా పొంగింది. మెడ వంగింది, పగ్గాలు దూదిలా అయ్యాయి.

"అదీ! ఏం చేస్తివో మళ్లీ చెయ్యి!" అని బావ అరిచాడు.

"ఏం చేసినానో తెలిస్తే గదా!"

ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక, మా ఆవిడ చూస్తుండగా, నెత్తిన మజ్జిగ చెంబు పెట్టుకుని రోడ్డు నుంచి కొట్టం దాకా స్వారీ చేశాను. చుక్క ఒలకలేదు. గుర్రం ఒక్క రాయికీ తడబడలేదు.

ఇక ఒట్టు సంగతి. మీరు బర్రెను అనుమానిస్తూ ఉంటారు. బర్రె నిజమే, ఇంకా మా పక్క చేను వాళ్ల దగ్గరే ఉంది. కల్పించింది ఆ చెంబు, ఆ తడబడకపోవడం. నిజానికి కొట్టం ముందరే గుర్రం రాయికి బలంగా తట్టుకుంది. మా ఆవిడ గుమ్మంలోంచి "అయ్యో" అంది. ముందుకాలు మడిచింది గానీ, బరువు వెనక కాళ్ల మీదికి తెచ్చుకుని లేచి నిలబడింది. మోకాలు నేలకు తగల్లేదు. నేను జీను మీదే ఉన్నాను. అప్పుడు పొమ్మన్నానో, ఆగమన్నానో, దేవుణ్ణి తలుచుకున్నానో ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ గుర్రం మోకాళ్లు చూసింది. "తట్టుకునింది గానీ పడలే," అని తనలో తనే అనుకుని లోపలికి పోయింది. వెనకాలే వెళ్లి చూస్తే, గుర్రానికి ఉలవలు నానబెడుతోంది.