తిట్ల పున్నమి

పండగ నాళ్లలో నోరు అదుపులో పెట్టుకుని బతకడం యింతావ్‌కి ఏటా ఒక గండం. సంవత్సరాది మొదలు మొదటి నెల పున్నమి దాకా ఇంట్లో అశుభం మాట దొర్లకూడదు. గిన్నె పగిలితే శుభం అనాలి. కోడలు చారులో ఉప్పు కుమ్మరిస్తే బాగుందమ్మా అని మింగాలి. అన్నీ కడుపులోనే దాచుకోవడంతో పున్నమి దగ్గరపడేసరికి ఆవిడకి అజీర్తి చేసినంత పనయ్యేది.

అందుకే పున్నమి నాటి పొద్దున గోడ మీది క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపుతుంటే ఆవిడ చేతులు ఆగలేదు. ఆ సాయంత్రం చంద్రుడు పైకి రాగానే ఊళ్లో వాళ్లందరూ ఒకరి తోటలో ఒకరు కూర దొంగిలిస్తారు. ఉల్లికాడ దొంగిలిస్తే చదువొస్తుంది, వెల్లుల్లి కాడైతే లెక్కలు కుదురుతాయి, లెట్యూస్ అయితే డబ్బే డబ్బు. అయితే వట్టి దొంగతనం చాలదు, తోటగలవాళ్లు చూసి తిట్టాలి. ఎన్ని తిట్లు పడితే అంత అదృష్టం. ఎవరూ చెయ్యి పెట్టని తోట గలవాళ్లకు ఆ ఏడు నలుగురిలో మొహం చెల్లదు.

తిట్టడంలో యింతావ్‌ని మించినవాళ్లు ఊరి పక్క నదికి రెండు ఒడ్డుల్లోనూ లేరు. కొండపల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల. రేవులో కూరలమ్ముతూ బేరాల మీద బేరాలు ఆడి నాలుకకు పదును పెట్టుకుంది. మూగదాన్ని చేసుకుని చెవిటివాణ్నయ్యానని ఆవిడ మొగుడు అందరికీ చెప్పుకుంటాడు. అవతలి ఒడ్డు నుంచి కూడా జనం పడవెక్కి మరీ ఆవిడ చేత తిట్లు తినడానికి వస్తారు.

ఈసారి మాత్రం ఆవిడ ఎదురుచూపంతా ఒక్క మనిషి కోసం. పక్కింటి ఛిన్. గుండె ఆపరేషన్‌కి మర్నాటి బస్సులో పట్నం పోతోంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గొడుగు కింద సంతకు పోయినవాళ్లు. ఒక సంవత్సరాది నాడు ఛిన్ ఇంట్లో భోజనానికి కూర్చుని యింతావ్ పళ్లెంలో చేపను రెండో వైపుకు తిప్పింది. పడవ మీద బతికేవాళ్ల ఇంట్లో చేపను తిరగెయ్యరు, పడవ బోల్తా పడుతుందంటారు. అందరూ కొయ్యబారిపోతే, కొండపిల్ల కదా, నవ్వేసింది. చేప తిరగబడితే పడవ తిరగబడుతుందా అని కూడా అంది. ఆ వానాకాలం వరదలో పడవా పోయింది, ఛిన్ మొగుడూ పోయాడు. ఛిన్ ఆవిణ్ని పల్లెత్తు మాట అనలేదు. అసలు మాట్లాడడమే మానేసింది. అని ఉంటే కాళ్లయినా పట్టుకునేదాన్నే అని యింతావ్ ఎన్నిసార్లు అనుకుందో.

ఏళ్లు గడిచాయి. ఛిన్ యింతావ్ తోటలో ఒక్క పున్నమికీ అడుగు పెట్టలేదు. అయినా ఈ ఏడు వస్తుందేమో! అంత పెద్ద ఆపరేషన్‌కి పోయే మనిషికి అదృష్టం అక్కర్లేదా? ఆ ఆశతోనే యింతావ్ మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఛిన్ ఇంటి వైపు కంచెలో నాలుగు కర్రలు పీకి దారి చేసింది.

చంద్రుడు కొండ దాటాడో లేదో, తోటలో ఒకటే సందడి. మొదట వడ్రంగి లియావ్ దొరికాడు. నీ చేతులు పడ, ఆ మడి నీ తాత వేశాడట్రా అని ఆవిడ అందుకోగానే వాడు చంకలు గుద్దుకుంటూ పరిగెత్తాడు. పదిహేను రోజుల సరుకు కదా, తిట్లు ధారగా వచ్చాయి. కొడుక్కి పరీక్షలున్నాయి, ఇంకో రెండు వెయ్యమని ఒకావిడ బతిమాలి మరీ తిట్టించుకుంది. యింతావ్ ఒళ్లంతా హుషారే. తిడుతున్నంతసేపూ కళ్లు మాత్రం కంచె సందు మీదే.

జనం పలచబడ్డారు. ఉండ్రాళ్లు చల్లారిపోతున్నాయని కోడలు రెండోసారి పిలిచింది. ఇక రాదులే అనుకుంటుండగా సందులో నీడ కదిలింది. ఛిన్! బాగా చిక్కిపోయింది. నిదానంగా వంగి, కావాలనే చప్పుడు చేస్తూ ఒక ఉల్లికాడ పీకి, అక్కడే నిలబడింది.

యింతావ్ నోరు తెరిచింది. ఒక్క తిట్టూ రాలేదు. తనకొచ్చిన తిట్లన్నీ పడిపోవడాలూ కాలిపోవడాలే. ఈ నోటితో ఒకసారి అన్నది చాలదా?

"ఏమే, ఊరందర్నీ తిట్టావు. నేనేం పాపం చేశాను?" అంది ఛిన్.

"భయమేస్తోందే. నా నోరు మంచిది కాదు. ఆ రోజు నేను..."

"వరదొచ్చి ముంచేస్తే చేపేం చేస్తుంది, నువ్వేం చేస్తావు? ఆ మాట అనుకోవడానికే నాకిన్నాళ్లు పట్టింది. కానియ్, తిట్టు. పొద్దున్నే బస్సు."

యింతావ్ ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"ముసలి దొంగమొహమా! తోటంతా గుల్లయ్యాకా వచ్చేది? ఉల్లికాడెందుకే, ఈ వయసులో బళ్లో చేరతావా? వచ్చే ఏడు పున్నమికి ఇలా ఆలస్యంగా రా చెప్తాను, కాళ్లు విరగ్గొడతా. ఆ పై ఏడు వస్తే చేతులు విరగ్గొడతా. తొంభయ్యేళ్లొచ్చి కర్ర పట్టుకుని వచ్చినా వదల్ను, ఆ కర్రతోనే బాదుతా!"

అంటుంటే కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం నది అవతలికి వినిపించేలా ఉంది. ఛిన్ మడి గట్టు మీద చతికిలబడి ఉల్లికాడ ఒళ్లో పెట్టుకుంది.

"బాగుంది," అంది. "మా అత్తని కూడా కలుపుకుని తిట్టు."

యింతావ్ వచ్చి ఆ పక్కనే కూర్చుని, ఛిన్ అత్తగారితో మొదలుపెట్టింది.