రెండు చేతుల సిరా

ఈ రోజు నా రెండు చేతులకూ సిరా ఉంది. ఎడమ చూపుడువేలి మీదది నా ఓటుకు. కుడి చూపుడువేలి మీదది, శుక్లాలతో చూపు ఆనని మా అమ్మకు తోడుగా వెళ్ళి ఆమె చెప్పిన మీట నొక్కినందుకు. చిత్తూరులో మా వీధి బడి నుంచి ఇంటికొచ్చి సబ్బుతో ఎంత రుద్దినా ఆ ఘాటు వాసన పోలేదు. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ పడదు.

మా పాప ఏదో క్విజ్ పోటీకని పక్కనే కూర్చుని వల్లె వేస్తోంది: కొన్ని దేశాల్లో అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకుంటారట, మన దగ్గర మనం ఎంపీలను గెలిపిస్తే ఎక్కువమంది ఎంపీల మద్దతున్నవాళ్ళు ప్రధాని అవుతారట, ఇంకెక్కడో ఓటెయ్యకపోతే జరిమానా అట. మన ఓటు ఎవరికన్నది మాత్రం రహస్యం, అని చదివింది. ఆ మాట నన్ను ఊరికి లాక్కుపోయింది.

మాది ఐరాల పక్క ఊరు. నా చిన్నతనంలో ఒక ఏడు ఎంపీ ఎన్నికలు మామిడికాయల కాలంలో వచ్చాయి. వాకిలంతా కాయల సొన వాసన, దోరకాయ ముక్కలకు ఉప్పూ కారం, సంగటిలోకి మామిడికాయ పప్పు, ఎండ దిగేదాకా పంచలో గులకరాళ్ళతో అచ్చంగాయలాట. నాయన కాయల లారీతో మండీకి పోయి ఉన్నాడు. పోలింగుకు నాలుగు రోజుల ముందు ఊరిపెద్ద మా వీధివాళ్ళను ట్రాక్టర్లలో కాణిపాకం తీసుకుపోయి, తలారా నీళ్ళు పోయించి, తడిబట్టలతో స్వామి ఎదుట, తను చెప్పిన గుర్తుకే గుద్దుతామని ప్రమాణం చేయించాడు. ఆయన బోరు నీళ్ళతోనే మా కయ్యలు తడిసేవి, అమ్మ కాదనలేకపోయింది. ప్రమాణం తప్పితే కళ్ళు పోతాయని మా వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు.

ఓటు రోజు అమ్మ కొంగు పట్టుకుని ఓటు గుద్దే అట్ట చాటుకు నేనూ వెళ్ళాను. అమ్మ ముద్రను ఆ గుర్తు మీద కాక దాని కింది గుర్తు మీద గుద్దింది. నేను చూడనే చూశాను.

"నోరు జారితే మనకు నీళ్ళు రావు మే," అంది బయటికొచ్చాక.

నాకు నీళ్ళ భయం కాదు, కళ్ళ భయం. రోజూ తెల్లారగానే అమ్మకు వేళ్ళు చూపించి ఎన్నని అడిగేదాన్ని. ఆరో రోజు అమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడి, పుసులు కట్టి తెరుచుకోలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది కళ్ళకలక, ఇంటింటికీ పాకింది. ఊరు మాత్రం, కళ్ళు ఎర్రబడ్డవాళ్ళంతా ప్రమాణం తప్పినవాళ్ళేనంది. పెద్దాయన మనిషి గడపగడపకూ తిరిగి కళ్ళు చూడసాగాడు. మా వాకిట్లోకీ వచ్చాడు. అమ్మ లోపల వడ్ల మూటల చాటున ఉంది.

"మీయమ్మ యాడమ్మే?"

"ఐరాలకు పోయిండాది."

వాడు నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి నా కళ్ళే చూశాడు. నా పావడా తడిసిపోయింది. తర్వాత పక్కింటికి పోయాడు.

మూడోనాటికి పెద్దాయనే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ట్రాక్టరు మీద కనిపించాడు. ఇక ఊళ్ళో ఎవరూ కళ్ళ మాట ఎత్తలేదు. అమ్మకు వారంలో నయమైంది. నా భయమే నయం కాలేదు.

ఇప్పుడు ఆ కాగితం ఓటూ ముద్రా లేవు, పెద్దాయన లేడు, బోరు ఎండిపోయింది. శుక్లాలు వయసుకు వచ్చేవేనని డాక్టరు చెప్పాడు. పొద్దున ఆటోలో అమ్మ అంది:

"డాక్టరుకేం తెలుసు. ఆ పొద్దు గుద్దినదానికే ఇది. నువ్వు బయపడతావని ఇన్నేండ్లూ చెప్పలా."

ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"మరెందుకు గుద్దితివి మా?"

"నా ఓటు కదా మే."

పోలింగు గదిలో, అమ్మ ఓటు ఎవరికీ చెప్పనని ప్రమాణ పత్రం మీద నాచేత సంతకం పెట్టించుకున్నారు. ఇంటికొచ్చాక పాప పుస్తకం మూసి అడిగింది: "అవ్వ ఎవురికేసిందిమా?"

గుర్తు పేరు నోటిదాకా వచ్చింది. లేచి అద్దం దగ్గరికి పోయి, నా కళ్ళు చూసుకున్నాను.