రంపానికి అవతలి చెయ్యి

మా కాలేజీలో సినిమా పాఠం చెప్పేది నేనే. రెండో ఏడాది పిల్లలకి ఏటా ఒక చిన్న డాక్యుమెంటరీ చూపించి, ఆపి ఆపి, ముక్క ముక్కా విడదీసి చదివిస్తాను. దుంగలు కోసి బతికిన ఒక కూలీ కవి అయిన కథ అది. పావుగంట కూడా ఉండదు. ఆ కవి మా ఊళ్లోనే ఉంటాడు. అందరూ రంపం తాత అంటారు. ఈసారి ఆయన్నే తరగతికి పిలిచాను.

మొదట రానన్నాడు. ఆ సినిమా తను ఎప్పుడూ సరిగ్గా చూడనే లేదట. సభల్లో వేసినప్పుడల్లా ఆయన్ని తెర పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవారు. మెడ నొప్పి పుట్టేలా తిప్పినా సగం బొమ్మే కనిపించేది. నా మొహం నేను చూసుకుని ఏం చేసుకుంటానమ్మా అన్నాడు. చివరికి ఎలాగో వచ్చి, వెనక బల్లమీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

తెరమీద కలప అడితి. పెద్ద దుంగ మీద నిలబడి పొడుగాటి రంపం లాగుతున్నాడు తాత. అప్పటికింకా జుట్టు నల్లగానే ఉంది. రంపం పైకీ కిందికీ ఆడుతుంటే ఆ ఊపులోనే పాట అందుకున్నాడు: "మానుకేం తెలుసు మంచమవుతానని..." ఆ మాట ఆగాక సన్నగా ఒక కూనిరాగం సాగింది.

ఒకమ్మాయి చెయ్యెత్తి, ఆ ముక్క మళ్లీ వెయ్యమంది. వేశాను.

"ఇక్కడ తాతగారి పెదాలు మూసుకునే ఉన్నాయి కదా, మేడమ్. మరి ఆ కూనిరాగం ఎవరిది?"

ఇన్నేళ్లుగా చెబుతున్నా నాకది తట్టలేదు. వెనక బల్ల దగ్గర తాత లేచి నిలబడ్డాడు.

"మా బావది" అన్నాడు.

వరసకి ఏమీ కాడు, పిలుపుకే బావ. దుంగ కొయ్యాలంటే ఒకడు పైన, ఒకడు కింద గుంటలో. పైవాడికి ఎండ, కిందివాడికి కళ్లనిండా పొట్టు. తాత ఒక మాట కిందికి వదిలితే, బావ రెండోది పైకి విసిరేవాడట. మంచం పాటకి జవాబు కూడా ఆయనదే: "మనకేం తెలుసు నిద్దర ఎవరిదని." మీ ఇద్దరికీ పెళ్లి చేస్తే మేం సుఖపడేవాళ్లం అని ఇద్దరిళ్లలో ఆడవాళ్లూ ఎకసెక్కాలాడేవారు.

సినిమావాళ్లు వచ్చినప్పుడు గుంటలో చీకటని కెమెరా దించలేదు. బావ జవాబులన్నీ కత్తిరించేశారు. ఆ కూనిరాగమొక్కటే ఎలాగో కత్తెరకి దొరక్కుండా మిగిలింది. సినిమాకి పేరొచ్చాక తాత ఇంటికి జనం విరగబడ్డారు. బావా వచ్చాడు. గుమ్మం పక్కన నిలబడి చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అడితిలోకి కోత మిషను దిగింది. ఇద్దరికీ పని పోయింది. బావ కూతురి ఊరికి మకాం మార్చాడు. కబురు పంపడానికి ఈయనకి మొహం చెల్లలేదు, ఆయన పంపలేదు.

తాత ఆ ముక్క మళ్లీ వెయ్యమన్నాడు. మళ్లీ. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను వేస్తూనే ఉన్నాను. చివరికి కండువాతో మొహం తుడుచుకుని, ఆ ఊరి బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగాడు.

వారం తిరక్కుండా వెళ్లొచ్చాడు. బావ ఇప్పుడు ఆస్పత్రి ముందు సైకిల్ స్టాండులో టోకెన్లు ఇస్తున్నాడట. చూడగానే వాటేసుకున్నాడట, చిక్కిపోయావని తిట్టాడట. కూనిరాగం సంగతి చెబితే పడీ పడీ నవ్వాడట. పొట్టు గొంతులో పడకుండా నోరు మూసుకుని మూలిగాను, అది పాటనుకున్నారా పాపం అన్నాడట. మనూరు వచ్చెయ్యమంటే, మనవరాల్ని బడికి తీసుకెళ్లేది నేనే బావా అన్నాడట.

"కోపమేమైనా ఉందా?" అడిగాను.

"ఉంటే బాగుండేదమ్మా. కాళ్లు పట్టుకునైనా తీర్చేవాణ్ణి."

అరచేతులకేసి చూసుకున్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. వచ్చేముందు, కొత్తగా కట్టిన పాదమొకటి బావకి వినిపించాడట. పూర్వంలాగే సగంలో వదిలేసి, జవాబు కోసం ఆగాడు. బావ శ్రద్ధగా విన్నాడు. తలూపాడు.

"'బాగుంది బావా' అన్నాడమ్మా. అందరూ అన్నట్టే అన్నాడు."

తాత చెప్పులేసుకుని మెట్లు దిగాడు. వచ్చే నెల మళ్లీ వెళ్తానన్నాడు.