లోపలి గడియ

బట్టల గదికి గడియ లోపలి వైపు ఎందుకుంటుంది? చీరలు లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటాయా? ఈ ప్రశ్న ఇద్దర్ని అడిగాను. ఒకాయన స్క్రూడ్రైవర్ తిప్పుతూ నవ్వాడు. రెండో ఆయన, అంటే మా ఆయన, టీవీ సౌండ్ పెంచారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా లేదు.

ఈ మంచు దేశానికొచ్చాక ఎటోబికోలో మేం కొన్నది పాత ఇల్లు. పైన నాలుగు బెడ్‌రూములు. ఒక్కోదాన్లో క్లోసెట్ అనే పేరుకి ఒక రాడ్డు, దాని మీద వైరుతో అల్లిన ఒక అర. పట్టుచీరలు రాడ్డుకి తగిలిస్తే జరీ బరువుకి సాగుతాయి. అందుకని పదకొండేళ్ళపాటు నా చీరలు పంచె గుడ్డల్లో చుట్టి సూట్‌కేసుల్లోనే పెట్టాను. మూడు నెలలకోసారి తీసి మడత మార్చాలి. ఉద్యోగం, పిల్ల, మంచు తవ్వడం మధ్య ఒక ఏడాది మార్చలేదు. తీసి చూసేసరికి నా పెళ్ళికి అమ్మ పెట్టిన చీర మడత పొడుగునా చిట్లిపోయి ఉంది. నేల మీద కూర్చుని ఏడ్చాను. "చీర కోసం ఏడుస్తారా ఎవరైనా?" అన్నారు మా ఆయన. ఆ రోజే చెప్పాను, ఈ ఇంట్లో నా చీరలకి ఒక చోటు కావాలని.

గరాజ్ తలుపు పక్కన కిటికీ లేని చిన్న గది ఒకటుంది. పాత ఓనర్లు అక్కడ వాక్యూమ్ క్లీనరూ, పాత బూట్లూ పడేసేవాళ్ళు. అది నాదన్నాను. గ్రాఫ్ కాగితం మీద నేనే గీశాను: నాలుగు వైపులా తక్కువ లోతు అరలు, ఒక్కో అరలో నాలుగే చీరలు, పైనున్నది లాగితే కిందది నలగకుండా. గీసినన్నాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నానో!

కాంట్రాక్టర్ని మా ఆయన తెలుగు వాట్సాప్ గ్రూపులో పట్టుకొచ్చారు. "మనవాడే, గుంటూరు వైపు" అన్నారు. కాగితం రాసుకుందామంటే "మనవాళ్ళ మధ్య కాగితాలేంటి?" అన్నారు. సరేనన్నాను. అదిగో, మొదటి బుద్ధితక్కువ పని అదే. ఆ కాంట్రాక్టర్ వచ్చాడు, నేను పోసిన పెసరట్లు మూడు తిన్నాడు, నా గ్రాఫ్ కాగితం తీసుకుని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు మా ఆయన వైపు తిరిగి, "సార్, మీ ఐడియా ఏంటి సార్?" అన్నాడు.

నా చీరలకి మా ఆయన ఐడియా ఏమిటండీ? ఆయనకి పట్టుకీ పాలియెస్టర్‌కీ తేడా తెలియదు. నేను పక్కనే అట్లకాడతో నిలబడి ఉన్నాను. నేను అడిగిన ప్రతిదానికీ ఆ మనిషి జవాబు సార్‌కే చెప్పాడు. చివరికి "పోనీలే, పనిమంతుడైతే చాలు" అనుకున్నాను.

పనిమంతుడే. పనిలో పనిగా పై బెడ్‌రూముల క్లోసెట్లు కూడా చేయించుకుందామనుకున్నాం, ముందు గెస్ట్ రూమ్‌తో మొదలుపెట్టాడు. అక్కడెవరూ ఉండరు కాబట్టి దుమ్ము లేచినా ఫర్వాలేదన్నాడు. అద్దాల తలుపులూ, మెత్తగా జారే సొరుగులూ, లోపల చిన్న లైటూ పెట్టి, చూస్తే ముచ్చటేసేలా చేశాడు. మిగతా బెడ్‌రూములూ అలాగే ముగించి ఆఖర్న నా గదిలో అడుగుపెట్టాడు.

వారానికి రెండు రోజులు నేను డౌన్‌టౌన్ ఆఫీసుకి వెళ్ళాలి. మంగళవారం తిరిగొచ్చేసరికి నా గదిలో ఒక గోడ పొడుగునా, మోకాలెత్తున, ఒక బల్ల కట్టి ఉంది. ఇది నేను గీయలేదే అన్నాను. ఆయన చేతులు దులుపుకుంటూ, "అది నైరుతి మూల మేడమ్ గారూ. మనిళ్ళల్లో బీరువా ఎక్కడ పెడతారు? నైరుతిలోనే గదా. అక్కడ బరువుండాలి" అన్నాడు.

ఆఫీసులో నా పని అందరి కోడ్‌లో తప్పులు పట్టడం. అలాంటి దాన్ని, వాస్తు అనే మాట వినగానే నోరు మూసుకున్నాను. బల్ల పక్కన ప్లగ్ పాయింట్ ఎందుకంటే "ఇస్త్రీకి" అన్నాడు. పైన గుండ్రంగా గాలికి కన్నం ఎందుకంటే "పట్టుకి గాలాడాలి గదా మేడమ్ గారూ" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ! పైగా ఈ మనిషికి చీరల గురించి ఎంత తెలుసో అని మురిసిపోయాను కూడా.

గురువారం మీటింగ్ రద్దయి మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. కాంట్రాక్టర్ నా గది తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి స్క్రూ బిగిస్తున్నాడు. గడియ. లోపలి వైపు. ఆయన టేపు తీసుకుని నేనే బల్ల కొలిచాను. ఆరడుగుల పైన రెండంగుళాలు. నా చీర ఎలా మడిచినా రెండడుగులుండదు. ఆ బల్ల మీద పట్టేది ఒక్క మనిషే.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ గడియ ఎవరికండీ?" అని అడిగాను. అప్పుడే నవ్వాడు. "సార్‌ని అడగండి మేడమ్ గారూ" అన్నాడు. అంతలో బెల్ మోగింది.

గుమ్మంలో ఒక అమ్మాయి. జాకెట్ కింద కాఫీ షాపు యూనిఫాం, చేతిలో ఫోను. "నమస్తే ఆంటీ. అంకుల్ గ్రూపుల మెసేజ్ పెట్టిన్రు గదా, రూమ్ చూస్కుందామని వచ్చిన" అంది.

అప్పుడు మా చుట్టుపక్కలంతా అదే గోల. సెప్టెంబర్‌కి కొందరు, జనవరికి కొందరు, మేకి మరికొందరు స్టూడెంట్లు దిగేవాళ్ళు. మా గ్రూపు నిండా రూమ్ కావాలి అన్న మెసేజీలే. నేను వాటిని అయ్యో పాపం అనుకుంటూ వేలితో పైకి తోసేసేదాన్ని. వాటి మధ్యలో మా ఆయన మా ఇంటి గది పెట్టారని నాకెలా తెలుస్తుంది?

పక్కకి జరిగాను. వరంగల్ వైపు పిల్లట. లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని పైనున్న కన్నం వైపు చూసింది. "మంచిగనే ఉన్నది ఆంటీ. గడియ సుత ఉన్నది" అంది. "ఇప్పుడు దోస్తుల కాడ హాల్ల పంటున్న. ఆడ గడియ లేదు." ఇంకోసారి చుట్టూ చూసి అడిగింది, "బట్టలేడ పెట్టుకోవాలె ఆంటీ?"

బట్టల గదిలో కూర్చుని అడుగుతోంది ఆ మాట. నేను నోరు తెరిచేలోపే కాంట్రాక్టర్ అందుకున్నాడు. "బల్ల కింద సూట్‌కేస్ పడుతుందమ్మా. ఆ హైటు చూసే గదా కట్టింది!" ఎంత గర్వమో ఆ గొంతులో.

"నైరుతి బరువు అన్నారే! ఇదా మీ నైరుతి బరువు?" అని అరిచాను. "ముందు మీ సామాను తీసుకుని బయటికి నడవండి!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ పిల్ల బెదిరిపోయి లేచి నిలబడింది.

"ఇది రూమ్ కాదమ్మా. కిటికీ లేదు. నిప్పంటుకుంటే ఎటు పోతావు?"

"ఇంత జాగ దొరుకుడే కష్టమున్నది ఆంటీ. నాకు సరిపోతది."

"నాకు సరిపోదు" అన్నాను.

ఆ పిల్ల బూట్లు వేసుకుని, "సరే ఆంటీ" అని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక్కసారి గడియ వైపు చూసింది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. అడిగితే ముందు టీవీ పెట్టారు, సౌండ్ పెంచారు. నేను వెళ్ళి ప్లగ్గు పీకేశాను. అప్పుడు మొదలైంది. "ఇంటి మార్ట్‌గేజ్ వడ్డీ రేట్లు ఎక్కడికెళ్ళాయో తెలుసా నీకు? అయినా పిల్లలు తలదాచుకోడానికి చోటు లేక అల్లాడుతున్నారు. ఇది సాయం కాదా?"

"సాయమా? మన పాపని పడుకోబెడతారా అందులో? ఒక్క రాత్రి? మీరు పడుకుంటారా?"

"అది వేరు."

"ఏం వేరండీ? అదీ ఎవరో ఒకరు కన్నబిడ్డేగా!"

నా గది నాకు చెప్పకుండా తీసుకున్నందుకా, ఆ పిల్లని గూట్లో పెట్టబోయినందుకా, నా గ్రాఫ్ కాగితం చంకలో పెట్టుకుని నా చెవిలోనే పువ్వు పెట్టినందుకా, దేనికి అరుస్తున్నానో నాకే తెలియలేదు. అన్నిటికీ అరిచాను. తర్వాత రెండు వారాలు ఇంట్లో ఉప్పు అందించు, కారం అందించు అనే మాటలే. శనివారం పొద్దున నేనే స్క్రూడ్రైవర్ తీసుకుని గడియ ఊడదీశాను. నాలుగు కన్నాలు మిగిలాయి. కాంట్రాక్టర్ మళ్ళీ వచ్చి, ఈసారి నేను పక్కనే నిలబడి ఉండగా, మూడు గోడలకీ అరలు వేసిపోయాడు. ఈసారి పెసరట్టు పెట్టలేదు. బల్లని మాత్రం గోడలోకి దించేశానని, తీస్తే గోడ పోతుందని అన్నాడు. ఉండనిమ్మన్నాను.

చీరలు సర్దుకున్నాను. ఒక్కోటీ మడత మార్చి, ఒక్కో అరలో నాలుగు. గెలిచాననుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది, మా ఆయన ఫోనుకి. ఆయన ఫోన్ నా ముందు పెట్టారు. బేస్‌మెంట్లో రూమ్ దొరికిందట. నలుగురట. పెద్ద సూట్‌కేస్ పెట్టుకునే జాగా లేదట. కొన్నాళ్ళు మా క్లోసెట్‌లో పెట్టుకోవచ్చా అని ఆంటీని అడగమంది.

ఆదివారం బస్సులో ఈడ్చుకుంటూ తెచ్చింది. నేను ఒక చివర, తనొక చివర పట్టుకుని బల్ల మీద పెట్టాం. చక్కగా సరిపోయింది. తలుపు మూస్తూ ఆ నాలుగు కన్నాల మీద వేలు పెట్టింది. "గడియ తీసేసిన్రా ఆంటీ?"

"తీసేశానమ్మా."

"అవునా" అంది. తర్వాత నవ్వి, "మీరు మంచోళ్ళు ఆంటీ. వేరేవాళ్ళయితే సామాన్ సుత పెట్టుకోనియ్యరు" అంది.

తను వెళ్ళాక దుప్పటి కోసం పైకి వెళ్ళాను. గెస్ట్ రూమ్ తలుపు తీసి ఉంది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. అద్దాల క్లోసెట్ జరిపితే లోపల లైటు వెలిగింది, ఖాళీ హ్యాంగర్లు కనిపించాయి. ఆ రెండు వారాల్లో నేను ఎన్ని మాటలన్నాను! కాంట్రాక్టర్ని అన్నాను, మొగుణ్ణి అన్నాను, పిల్లకి నిప్పు గురించి పాఠం చెప్పాను. ఈ గది ఉందన్న ఒక్క మాట నా నోట రాలేదు. దాచిపెట్టి ఊరుకోవడం కాదు, అసలు గుర్తే రాలేదు. ఆ రోజు నా మీద నాకొచ్చిన కోపం ఆ ఇద్దరి మీదా రాలేదు.

ఆ గదికి తోట వైపు పెద్ద కిటికీ ఉంది. తలుపుకి గడియ కూడా ఉంది, లోపలి వైపే.