మిడ్‌వికెట్‌లో వరిమడి

మా పెద్దనాయిన కొడుకు దూకుడు గల ఓపెనర్. బౌలర్ పరుగు మొదలుపెట్టకముందే ఆయన బ్యాటు రెండుసార్లు ఊగేది. "గ్యాపు చూస్తున్న" అనేవాడు. ఫీల్డింగులో ఉండేదే ఆరుగురు. ఆ గ్యాపులు మా మేకలకు కూడా కనిపించేవి. బంతి ఎక్కడ పడినా కళ్లు మూసుకుని, గడ్డపారతో బండ పెకిలించినట్టు ఒకటే ఊపు. తగిలిందా, మిడ్‌వికెట్ వైపే.

అవతలి కొసన నిలబడే రెండో ఓపెనర్ని నేను. నాలుగేళ్ల కెరీర్‌లో బంతుల కన్నా అన్న ఉపన్యాసాలనే ఎక్కువ ఎదుర్కొన్నాను.

కొత్తకోట దగ్గర మా ఊళ్లో, పత్తికట్టె పీకేసిన పెద్దనాయిన చెలకే మాకు గ్రౌండు. మిడ్‌వికెట్ వైపు గట్టు దాటితే ఆయనదే వరిమడి. బంతి కోసం దిగి నాట్లు తొక్కుతున్నామని ఒక షరతు పెట్టాడు: మడిలోకి కొడితే సిక్సర్ కాదు, ఔట్. ఒప్పుకోకపోతే చెలక దున్నిస్తానన్నాడు. ఒప్పుకున్నాం.

"జర ఆఫ్‌సైడు దిక్కు కొట్టరాదే అన్నా" అని నేనంటే, "గది భయపడెటోళ్ల సైడురా" అనేవాడు.

ఒక ఆదివారం మండల జట్టుకు ఓపెనర్‌ను ఎంచుకోవడానికి పీఈటీ సారు వచ్చాడు. ఖాళీ ఒక్కటే. అన్న వారం నుంచి అన్నం సరిగా తినలేదు. బ్యాటుకు బొట్టు పెట్టాడు. పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆ చిప్ప కూడా మిడ్‌వికెట్ వైపే ఎగిరిందని నా అనుమానం.

మూడు బంతులు గాలికి కొట్టాడు. నాలుగోది తగిలింది. అంత ఎత్తున బంతి లేవడం మా ఊరు చూడలేదు. మడిలో నీళ్లు మళ్లిస్తున్న పెద్దనాయిన పార పడేసి, బురదలో నాలుగడుగులు ఉరికి, తలకు చుట్టిన తువ్వాల విప్పి పరిచి, బంతిని పట్టేశాడు.

"నాయినా, బంతి మడిల పడలే! నువ్వు పట్టినవ్! సిక్సరే!"

"నేనేడున్నరా? మడిల. బంతేడుంది? నా తాన. నడు బయటికి."

"నువ్వు ఏ టీమోనివని పట్టినవే?"

"చెలక ఎవనిదిరా?"

అంపైర్ వేలెత్తాడు. మర్నాడు అతనికి పెద్దనాయిన ట్రాక్టర్ అవసరం.

సారు నవ్వు ఆపుకుంటూ నన్ను పిలిచాడు. "మీ అన్నది ఈసారి కాదు గనీ, గా తువ్వాలాయన ఫీల్డింగుకు వస్తడా?"

తర్వాతి ఏడాది అన్న, బంతి మడి వైపు పోకుండా ఎడమచేతి వాటం నేర్చుకుని వచ్చాడు. తీరా చూస్తే, ఎదురువైపు గట్టు పక్కన పెద్దనాయిన మిరపతోట వేసి ఉంచాడు.